పద్దెనిమిదోవాడు

పదిహేడో శవాన్ని రాళ్ల కిందినుంచి లాగి చాప మీద పడుకోబెట్టగానే, మేస్త్రీ దోస్తాయి మైనపు పలక మీద ఒక గీత గీసి, పలక మూసి, దానికి తోలుతాడు చుట్టాడు.

"అయిపోయిందిరా. మనవాళ్లంతా దొరికారు. ఇక లేవండి," అన్నాడు.

నిన్న పొద్దుటినుంచి తవ్వుతున్న కూలీలు గునపాలు ఎక్కడివక్కడ వదిలేసి సిలోయము కోనేటి మెట్ల మీద కూలబడ్డారు. సగం కట్టిన గోపురం నిన్న పొద్దెక్కే వేళకు ఒక్కసారిగా పక్కకు ఒరిగి కూలిపోయింది. ఇంకా దుమ్ము అణగలేదు. కోనేటి నీళ్ల మీద సున్నం తెట్టు కట్టి ఉంది.

షిఫ్రా ఆ చాప దగ్గరికి వెళ్లి, కప్పిన గుడ్డ తొలగించి ముఖం చూసింది. ఎవరో కుర్రాడు. ఆమె పదిహేడు ముఖాలూ చూసింది. మళ్లీ గుడ్డ కప్పి మేస్త్రీ ముందుకొచ్చి నిలబడింది. ఉన్ని కడిగే పని ఆమెది. నిన్న చప్పుడు విని పరుగెత్తుకొచ్చినప్పటి ఉన్ని జిడ్డు ఇంకా మోచేతుల దాకా అంటుకునే ఉంది.

"మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడండీ," అంది.

"పేరు?"

"యాకీము."

దోస్తాయి పలక విప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరుతో నా దగ్గర ఎవడూ లేడమ్మా. నా లెక్కలో తక్కువైనవాళ్లు పదిహేడు మంది, పదిహేడు మందీ దొరికారు."

"మీ దగ్గర పనివాడు కాదు. సున్నం కలిపేవాళ్లకు నీళ్లు మోస్తాడు. తోలుతిత్తి భుజాన వేసుకుని మెట్లు దిగుతాడు చూడండి, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ..."

"అయితే సున్నంవాళ్లనడుగు."

సున్నంవాళ్లలో మిగిలింది మల్కీయా ఒక్కడే. తలకు కట్టు కట్టుకుని గోడవారగా కూర్చుని ఉన్నాడు. షిఫ్రా అతని ముందు గొంతుక్కూర్చుంది.

"తమ్ముడూ, నిన్న మా ఆయన సున్నపు గుంట దగ్గరికొచ్చాడా?"

మల్కీయా తలెత్తలేదు. సున్నానికి పగిలిన వేళ్లను ఒకదానితో ఒకటి గీరుకుంటూ, "నేను చూళ్లేదక్కా," అన్నాడు.

దోస్తాయి వెళ్లబోతూ ఆగాడు. మనిషి చెడ్డవాడు కాదు. నిద్రలేక కళ్లు మూసుకుపోతున్నాయి. "విశ్రాంతిదినం దాటగానే ఈ రాళ్ల మీదే కొత్త పునాది పడుతుందమ్మా. రోమా దొర హుకుం. లేనివాడి కోసం రాళ్లు ఎత్తించలేను," అన్నాడు.

పైమెట్టు మీదినుంచి ఒక ముసలాయన చేతికర్రతో శవాల వైపు చూపిస్తూ పక్కవాడితో అంటున్నాడు: "దేవాలయపు కానుకల సొమ్ముతో దొర నీళ్ల కాలవ, దానికీ గోపురం కట్టిస్తానంటే, సిగ్గులేకుండా ఆ సొమ్మే కూలిగా తీసుకున్నారు. దేవుడు చూస్తూ ఊరుకుంటాడా? చేసుకున్నవాడికి చేసుకున్నంత."

ఆ మాట అప్పటికే ఊరంతా పాకింది. పదిహేడు ఇళ్లలో శవాలు లేచాయిగానీ, ఏ ఇంటి ముందూ పిల్లనగ్రోవి ఊదేవాళ్లు లేరు, ఏడుపుపాట పాడే ఆడవాళ్లు లేరు. డబ్బిస్తామన్నా రాలేదు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు పెనిన్నా గడపలో కూర్చుని ఉంది. దేవాలయానికి వెళ్లే దారిలో ఆమెకు రొట్టెల కొట్టు. ఒళ్లంతా నూనె, మెంతి వాసన. పక్కన గిన్నెలో రెండు రొట్టెలు మూత పెట్టి ఉన్నాయి.

"తిను ముందు," అంది.

"వద్దు వదినా. పదిహేడు మందిలో ఆయన లేడు. రాళ్ల కిందే ఉన్నాడు. రేపు నువ్వు కూడా వచ్చి మేస్త్రీతో ఒక మాట చెప్పు."

పెనిన్నా రొట్టె గిన్నె మీది మూత తీసి మళ్లీ పెట్టింది. "వాడు యెరికో పోయాడే షిఫ్రా," అంది చివరికి.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ముందొకసారి పోలేదూ? ఖర్జూరాల ఒంటెలవాళ్ల వెనకాల పడి నలభై రోజులు పత్తా లేకుండా పోయి, గంపెడు ఖర్జూరాలతో దిగలేదూ, ఏమీ ఎరగనట్టు? ఇప్పుడూ అంతే. కొట్టు దగ్గర అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను."

షిఫ్రాకు ఒక్క క్షణం గుండెలో ఏదో వెలిగింది. పోయి ఉంటే ఎంత బాగుండు! తనను వదిలేసి, ఎక్కడో ఎవరితోనో నవ్వుతూ, బతికి ఉంటే. కానీ ఆమె చూపు తలుపు మూల మీద పడింది.

"వదినా, చెప్పులు చూడు. తడి మెట్ల మీద జారతాయని వట్టికాళ్లతో పనికెళ్లాడు. చెప్పుల్లేకుండా యెరికో దారి నడుస్తాడా ఎవడైనా?"

పెనిన్నా ఆ వైపు చూడలేదు. గొంతు తగ్గించింది. "ఉన్నాడే అనుకో. తీస్తావు. తీస్తే ఏమవుతుంది? దేవుడు కొట్టి చంపిన పాపుల్లో మావాడూ ఒకడని ఊరు ఊరంతా అంటుంది. పారిపోయినవాడి పెళ్లానివైతే నీ మీద జాలైనా పడతారు. పాపాత్ముడి పెళ్లానివైతే నీ ఉన్ని ఎవరు కొంటారు? నా చేతి రొట్టె పట్టుకుని దేవాలయం మెట్లు ఎవరెక్కుతారు?"

"అందుకని ఆయన మీద పునాది వేయిస్తామా?"

"వాడు నాకు తమ్ముడు. నీకంటే ముందు వీపున మోసినదాన్ని. నాకు లేదంటావా బాధ?"

"ఉంటే పోయినవాడి కోసం మెడ దగ్గర పైట చింపుకో. నేల మీద కూర్చో. ఏడువు."

పెనిన్నా లేచి నిలబడింది. మెడ దగ్గర వస్త్రాన్ని రెండు చేతులతో దగ్గరకు లాక్కుంది, ఎవరో వచ్చి చింపేస్తారేమో అన్నట్టు. "బతికి ఉన్నవాడి కోసం ఏడిస్తే ఆయువు తగ్గుతుంది," అని, గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే షిఫ్రా ఉన్ని గంప ఖాళీ చేసి, దాన్ని చంకన పెట్టుకుని రాళ్ల కుప్ప దగ్గరికి వెళ్లింది. చేతికి అందిన చిన్న రాళ్లను గంపలోకి ఎత్తడం, కోనేటి అవతలి గట్టున పారబోయడం, మళ్లీ రావడం. నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు కాసేపు నిలబడి చూశారు. ఒకావిడ కుండ తలకెత్తుకుంటూ, "నెహెమ్యాలా ఊరి గోడ మళ్లీ కడుతున్నావా ఏం?" అంది. ఇంకొకావిడ నవ్వు ఆపుకుంది. షిఫ్రా లెక్కచెయ్యలేదు. ఉన్ని కడగడంలో ఆమె నేర్చుకున్నది ఒకటే: ఎంత జిడ్డున్నా, తెల్లబడేదాకా చెయ్యి ఆపకూడదు. కాని రాయి ఉన్నిలాంటిది కాదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గంప అడుగు ఊడిపోయింది. వేళ్ల గోళ్లు రెండు లేచాయి. కుప్ప మాత్రం తగ్గినట్టే లేదు. కింద పెద్ద చెక్కుడు రాళ్లు, ఒక్కొక్కటి గాడిదంత.

ఆమె ఒక రాయికి భుజం ఆనించి తోస్తుంటే వెనకనుంచి మాట వినపడింది.

"అలా తోస్తే నీ నడుము విరుగుతుంది గానీ అది కదలదమ్మాయ్. పక్కకు జరుగు."

మాకా. ఆ పదిహేడు మందిలో ఒకడైన, రాళ్లు చెక్కే ఎల్దాదు తల్లి. నిన్న సాయంత్రమే కొడుకును పూడ్చింది. మెడ దగ్గర చిరుగు వేలాడుతూ ఉంది. ఏడు రోజులు ఇంట్లో నేల మీద కూర్చోవలసిన మనిషి, కొడుకు గునపం ఈడ్చుకుంటూ వచ్చింది.

"నువ్వు ఇల్లు కదలకూడదు కదమ్మా," అంది షిఫ్రా.

"కూర్చుంటే ఎవరొస్తారని? చావింటికి చిక్కుడుగింజ పులుసు తెచ్చే చెయ్యి ఒక్కటి గడప తొక్కలేదు." ముసలమ్మ గునపం మొన రాయి కింద సందులో దోపి, పక్కన చిన్న రాయి ఒత్తింది. "ఇలా పెట్టాలి. ఇప్పుడు బరువంతా వేసి నొక్కు. వాడు ఎనిమిదేళ్లప్పుడు నాకు చేసి చూపించాడు, వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుని."

ఇద్దరూ గునపం మీద వాలారు. రాయి చిన్నగా మూలిగి, పొర్లి, కిందికి దొర్లింది.

"నా కొడుకు చెప్పాడమ్మాయ్," అంది మాకా, ఆయాసం తీర్చుకుంటూ. "పునాది గుంటలో నీళ్లూరుతున్నాయని. కోనేటి తడి. అన్నం తింటూ చెప్పాడు. మేస్త్రీకీ చెప్పాడట. రెల్లుచాపలు పరిచి పైన గులకరాళ్లు పోయమన్నాడట మేస్త్రీ. చెప్పినవాడు పోయాడు. విన్నవాడు పలక పట్టుకు తిరుగుతున్నాడు. మధ్యలో దేవుడికి కోపం వచ్చిందంటున్నారు."

సాయంత్రానికి తొమ్మిది రాళ్లు దొర్లించారు. కింద ఏమీ లేదు, విరిగిన దూలాలు తప్ప. విశ్రాంతిదినానికి ఇంకా ఒక్క పగలే ఉంది. మాకా గునపాన్ని అక్కడ వదలకుండా మళ్లీ ఈడ్చుకుంటూ ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు, విశ్రాంతిదినానికి సిద్ధపడే రోజున, వాళ్లిద్దరూ వచ్చేసరికి మల్కీయా కుప్ప మీద నిలబడి ఉన్నాడు. తలకట్టు ఊడబీకి నడుముకు చుట్టుకున్నాడు.

"అక్కా, మీరు తవ్వుతున్నది ఆ చోటు కాదు," అన్నాడు. "సున్నపు గుంట అక్కడ కాదు. ఇదిగో, ఈ దూలం కింద."

ఎవరూ అడక్కుండా అతనే చెప్పాడు. చెప్పేటప్పుడు మాత్రం మాకా ముఖం చూస్తూ చెప్పాడు, షిఫ్రా ముఖం చూడలేక.

"పోసేశాడమ్మా. నీళ్లు పోసేసి మెట్లెక్కి వెళ్లిపోతున్నాడు. నేనే పిలిచాను. సున్నం గట్టిపడుతోంది, ఇంకొక్క తిత్తి పోసి పోవోయ్ అన్నాను. 'నీ సున్నానికి దాహమా, నీకు దాహమా?' అని ఎగతాళి చేస్తూనే వెనక్కొచ్చాడు. నేను తట్ట కోసం అటు తిరిగాను... చూళ్లేదని అందుకే అన్నాను. చూశానంటే, ఎందుకొచ్చాడు అని అడుగుతారు కదా."

షిఫ్రా చేతిలో రాయి ఉంది. అది ఎక్కడ పడేయాలో ఆమెకు చాలాసేపు తెలియలేదు. అతని మీదికి విసరాలనిపించింది. తర్వాత అతని చేతులు కనపడ్డాయి. రాత్రంతా ఒంటరిగా తవ్వినట్టున్నాడు; సున్నం తిన్న వేళ్లనుంచి నెత్తురు కారి ఎండిపోయింది.

"ఆ కొస నువ్వు పట్టుకో," అంది, దూలం చూపిస్తూ.

మధ్యాహ్నం దాటాక దొరికాడు. రెండు పెద్ద రాళ్లు ఒకదానికొకటి ఒరిగి గూడులా నిలిచిన చోట, మోకాళ్లు ముడుచుకుని, పక్కకు తిరిగి. నడుము కింది భాగం చూడనివ్వలేదు మాకా. తన పైగుడ్డ తీసి కప్పేసింది. ముఖానికి దెబ్బ లేదు. సున్నం పట్టి తెల్లగా, పిండి జల్లినట్టు ఉంది. తోలుతిత్తి మూతి బిగించి ఉంది, ఇంకా సగం నీళ్లున్నాయి. షిఫ్రా మూతి విప్పి, ఆ నీళ్లతోనే అతని నుదురు, కనురెప్పలు, చెవుల వెనక కడిగింది. ఉన్ని కడిగినట్టు, రుద్దకుండా, నొక్కి నొక్కి. నోటి మూలల్లో గట్టిపడిన సున్నం మాత్రం రాలేదు.

కబురందుకుని దోస్తాయి వచ్చాడు. చూశాడు. నెత్తిమీది గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రాయండి," అంది షిఫ్రా.

"లెక్క నిన్ననే దొర కచేరీకి పోయిందమ్మా. పదిహేడని."

"యాకీము, మత్తిత్యా కొడుకు. నీళ్లు మోసేవాడు. అలా రాయండి."

"రాసినా చూసేవాడు లేడు," అన్నాడు దోస్తాయి. పొద్దు వైపు చూశాడు. "త్వరగా తీసుకెళ్లండి. విశ్రాంతిదినం వస్తోంది." ఇద్దరు కూలీలను తోడిచ్చాడు. అంతకంటే ఇంకేమీ చేయలేదు.

హిన్నోము లోయ వాలులో బీదవాళ్ల మట్టి ఉంది. అక్కడ, పదిహేడు కొత్త గుంటల పక్కన పద్దెనిమిదోది తవ్వారు. మల్కీయా, కూలీలు ఇద్దరు, మాకా, షిఫ్రా. మట్టి పోస్తుండగా పోయినవాళ్ల పెళ్లాలు ముగ్గురు నలుగురు తమవాళ్ల గుంటల దగ్గర్నుంచి లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. షిఫ్రా పైట మెడ దగ్గర పట్టి చింపుకుంది. పెనిన్నా రాలేదు. దారిలో ఆమె కొట్టు ముందునుంచే పాడె వెళ్లింది. ఆమె రొట్టెలు తిరగేస్తూ, తిరగేసినదాన్నే మళ్లీ తిరగేస్తూ, తలెత్తలేదు.

మరుసటి వారానికి ఊరి నోట లెక్క మారింది. కచేరీలో పదిహేడే ఉండొచ్చు. నీళ్ల రేవులో, సంతలో, దేవాలయపు మెట్ల మీద జనం "సిలోయములో పోయిన పద్దెనిమిది మంది పాపులు" అనసాగారు. భర్త కోసం షిఫ్రా సంపాదించిపెట్టింది అదే. ఆమె దగ్గర ఉన్ని కొనేవాళ్లలో సగం మంది మానుకున్నారు. తను ఎదురైతే ఆడపడుచు దారి మార్చుకునేది. పెనిన్నా కొట్టు మాత్రం నడుస్తూనే ఉంది. ఆమె నోట ఇంకా తమ్ముడు యెరికోలోనే ఉన్నాడు.

దుఃఖదినాలు ముప్పై గడిచిపోయాయి. ఒక పొద్దున షిఫ్రా కోనేటి పొర్లుకాలవలో ఉన్ని ముంచి తొక్కుతుంటే, రంగులూ సూదులూ అమ్మే హగ్గీ గాడిదను ఆపి గట్టున కూర్చున్నాడు. ఊరూరా తిరిగేవాడు; కడిగిన ఉన్ని మూటగా కొనుక్కుపోయేవాడు. అదే వేళకు పెనిన్నా కుండతో మెట్లు దిగుతోంది. షిఫ్రాను చూసి ఆగి, వెనక్కి తిరిగితే అందరూ చూస్తారని అవతలి మెట్టుకు జరిగి కుండ ముంచింది.

"మీ సిలోయము సంగతి యొర్దాను అవతలిదాకా పోయిందమ్మా," అన్నాడు హగ్గీ, చెప్పుల్లో గులకరాయి దులుపుకుంటూ. "దారిలో గలిలయ బోధకుడొకడు మాట్లాడుతుంటే విన్నాను. చుట్టూ జనం. బలి అర్పిస్తుంటే దొర నరికించిన గలిలయవాళ్ల మాట ఎవరో ఎత్తారు. అందుకు ఆయన, అదే నోటితో మీ గోపురం మాట తీశాడు."

"ఏమన్నాడు?"

"గోపురం పడి చచ్చిన ఆ పద్దెనిమిది మందీ యెరూషలేములో ఉన్న అందరికంటే ఎక్కువ పాపం చేశారనుకుంటున్నారా, అని అడిగాడు. అందరం ఊరుకున్నాం. మేమంతా అనుకుంటున్నదే కదా అది! కాదు, అన్నాడు. కాదని నేను చెబుతున్నా, అన్నాడు."

షిఫ్రా కాళ్లు కాలవలో ఆగిపోయాయి. ఉన్ని ఒక పాయ ఊడి నీళ్లలో కొట్టుకుపోతోంది. ఆమె పట్టుకోలేదు.

"ఎంతమందన్నాడు?"

"పద్దెనిమిది. ఏం, తప్పా?"

"తప్పు కాదు," అంది. "పేర్లేమైనా అన్నాడా?"

"పేర్లు ఆయనకెలా తెలుస్తాయమ్మా? ఆ తర్వాత అన్న మాటే ఎవరికీ రుచించలేదు. మీరు మారకపోతే మీరూ అలాగే నశిస్తారు అన్నాడు. ఒకడు లేచి వెళ్లిపోయాడు. నాకూ ఒళ్లు మండింది. పాపులు కాదని ఒక చేత్తో ఎత్తాడు, అందర్నీ కలిపి ఇంకో చేత్తో పడేశాడు." హగ్గీ ఉన్ని మూట బరువు చూసి, ఇవ్వాల్సింది ఇచ్చి, గాడిదను అదిలించుకుంటూ మెట్లెక్కి పోయాడు.

కొత్త గోపురం పని చప్పుడు వినిపిస్తోంది. పునాది మీద నాలుగు వరసలు లేచాయి. షిఫ్రా వంగి మిగిలిన ఉన్నిని గట్టుకు లాగింది. నీళ్లు పిండింది. ఆ మాట మంచిదే. కాని అది ఒక నెల ముందు, ఆ ముసలాయన చేతికర్ర చూపిస్తున్నప్పుడు ఎవరైనా అని ఉంటే! పిల్లనగ్రోవి ఒక్కటైనా ఊది ఉండేవాళ్లు. మాకాకు పులుసు పోసి ఉండేవాళ్లు.

అవతలి మెట్టు మీద కుండ నేలకు ఆనిన చప్పుడైంది. పెనిన్నా కుండ దించి నీళ్లంచుకు వచ్చి నిలబడింది.

"కాదన్నాడా?" అంది.

షిఫ్రా ఇంకో పాయ పిండింది. విన్నదే కదా.

పెనిన్నా తడి మెట్టు మీద కూర్చుంది. ఒకేసారి కాదు, మోకాలు తర్వాత మోకాలు వంచి, ముసలివాళ్లలా. ఆమె చేతులు మెడ దగ్గరికి పోయాయి. వస్త్రం అంచు పట్టుకుని లాగింది. మంచి నేత, కొట్టు మీద కూర్చునే మనిషి కట్టుకునే గట్టి బట్ట. చిరగలేదు. మళ్లీ లాగింది. వేళ్లకున్న నూనె జారిపోతోంది.

"ముప్పై రోజులు దాటాయి," అంది, ఎటో చూస్తూ. "ఇప్పుడు చింపుకుంటే లెక్కకొస్తుందా షిఫ్రా?"

దారిన పోయేవాడెవడో 'కాదు' అని చెబితే తప్ప తమ్ముడి కోసం ఏడవడానికి ఈమెకు ధైర్యం రాలేదు. ఆ మాట షిఫ్రా నాలుక చివరిదాకా వచ్చింది. పెనిన్నా వేళ్లు ఇంకా బట్ట అంచు మీద జారుతూనే ఉన్నాయి.

షిఫ్రా కాలవలోంచి బయటికి వచ్చింది. ఉన్ని ముడులు కత్తిరించే కత్తెర తీసి, తడి చేయి పావడాకు తుడుచుకుని, ఆడపడుచు ముందు కూర్చుంది. మెడ దగ్గర అంచును రెండు వేళ్లతో పైకెత్తి, చర్మానికి తగలకుండా, జానెడులో నాలుగో వంతు కత్తిరించింది.

"ఇక లాగు వదినా," అంది.